బొజ్జ చుట్టూ బజారు

తిరువూరు ప్రాంతంలో నష్టమెరగని పంట ఒక్కటే ఉంది: ఎదుటివాడి బొజ్జ. మామిడికి పూత నిలవాలి, ఈదురుగాలి రాకూడదు, కాయ దిగాక ధర పలకాలి. మిరపకు పురుగు పట్టకూడదు. పత్తికి వాన అడిగినప్పుడు రావాలి, వద్దన్నప్పుడు ఆగాలి. బొజ్జకు ఇవేవీ అక్కర్లేదు. ఏడాది పొడవునా కాపే. సెంటు భూమి లేనివాడి దగ్గర కూడా దిగుబడి ఉంటుంది. అన్నిటికన్నా వింత ఏమిటంటే, ఈ బేరంలో కొనేవాడే సరుకు మోసుకుని కొట్టుకొస్తాడు, తనే కాటా ఎక్కుతాడు, డబ్బూ తనే కడతాడు. మూడు నెలలయ్యాక అదే సరుకు ఇంకాస్త పెంచుకుని మళ్ళీ వస్తాడు.

తిరువూరు బోసుబొమ్మ సెంటర్‌లో ఒక్క నిమిషం ఆగి, ఊళ్ళోకి వచ్చే పోయే జనాన్ని కాదు, వాళ్ళ నెత్తిమీది ఫ్లెక్సీలను చూడండి. బకెట్ బిర్యానీ ఒక వైపు, 'నెలలో 10 కేజీలు తగ్గండి' ఇంకో వైపు. ఒకడు నింపుతానంటాడు, ఒకడు దింపుతానంటాడు. ఇద్దరికీ ఫ్లెక్సీ వేసిపెట్టినవాడు ఒక్కడే. ఇద్దరి దగ్గరికీ వెళ్ళేవాడూ ఒక్కడే.

ముందు పొడి డబ్బా సంగతి. ఒక అద్దె గది, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక మిక్సీ, గోడ నిండా 'ముందు – తర్వాత' ఫొటోలు. దీన్ని న్యూట్రిషన్ సెంటర్ అంటారు. మన వైపు ఏ చిన్న టౌనుకెళ్ళినా కనీసం ఒకటుంటుంది. పొద్దున్నే వెళితే చెప్పులు విడిచి ఒక మిషన్ ఎక్కమంటారు. అది బరువు చెప్పి ఊరుకోదు. ఒంట్లో కొవ్వెంత, నీరెంత, ఎముకెంత, ఆఖరికి మీ 'శరీర వయసు' ఎంతో కూడా చెబుతుంది. నలభై ఏళ్ళ మనిషికి యాభై ఎనిమిది చూపిస్తుంది. గుండె జారినవాడికి అప్పుడు గ్లాసుడు షేక్ అందుతుంది.

"అన్నయ్యా, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. మధ్యాహ్నం కొంచెం మామూలు భోజనం."

"మరి ఆకలేస్తే?"

"నాకు ఫోన్ చెయ్యండి అన్నయ్యా, మాట్లాడుకుందాం."

ఆ తమ్ముడు నిరుడు ఫైనాన్స్ కంపెనీ తరఫున బైకు వాయిదాల వసూళ్ళకు తిరిగేవాడు. ఇప్పుడు వెల్‌నెస్ కోచ్. చదివిందల్లా ఒక హోటల్ హాల్లో, చప్పట్ల మధ్య జరిగిన శిక్షణ. మీరు నాలుగు కేజీలు తగ్గితే మీకూ కోచ్ పదవి సిద్ధం. మీ కింద మీ తోడల్లుడు, తోడల్లుడి కింద వాళ్ళ బావమరిది, అతని కింద అతని ఆఫీసు. ఎవరి కొవ్వు కరిగిందో తెలియదు గాని గొలుసు మాత్రం పొడుగు సాగుతుంది. రెండు పూటల భోజనం మానేసి గ్లాసుడు పొడినీళ్ళు తాగితే ఎవడైనా తగ్గుతాడు. పొడి బదులు మజ్జిగ తాగినా తగ్గుతాడు. తగ్గించింది మానేసిన తిండి, బిల్లేసింది పొడి.

మొదటి వారంలోనే మూడు కేజీలు పోయాయని కేకు కోసేవాళ్ళను చూస్తే నిజంగా జాలేస్తుంది. ఒళ్ళు పిండిపదార్థాన్ని గ్లైకోజెన్‌గా దాచుకుంటుంది. దాచుకున్న ప్రతి గ్రాముతోపాటు మూడు గ్రాముల దాకా నీటినీ పట్టి ఉంచుతుంది. అన్నం ఆపగానే ఆ నిల్వ ఖాళీ అవుతుంది, నీరు బాత్‌రూమ్‌లోకి పోతుంది, కాటా మీద ముల్లు దిగుతుంది. ఫొటో తీసి 'కొవ్వు కరిగింది' అని స్టేటస్ పెడతాం. అసలు కొవ్వు ఒక్క కిలో కరగాలంటే దాదాపు 7,700 కేలరీల లోటు పడాలి. ఇప్పుడు ఆ ఫ్లెక్సీ లెక్క చూడండి. నెలకు 10 కేజీలంటే 77,000. రోజుకు రెండున్నర వేల పైచిలుకు. కుర్చీలో కూర్చుని పనిచేసే మామూలు మగమనిషికి రోజు మొత్తానికి కావాల్సిందే రెండు వేల చిల్లర. అంటే వాళ్ళు చెప్పిన లెక్కన ఆ మనిషి నెలంతా పచ్చి గంగ తాగి పడుకున్నా ఇంకా బాకీ మిగులుతుంది. ఫ్లెక్సీ రాసినవాడికి భాగహారం రాకపోవచ్చు. చదివే మనం పదో తరగతి పాసయ్యాంగా!

అయినా మనకు ఒంట్లో బాగుండకపోతే డాక్టరు చాలడు, గురువు కావాలి. ఈ పాతికేళ్ళలో తెలుగువాళ్ళ కంచం మీదుగా ముగ్గురు గురువులు నడిచి వెళ్ళారు.

మొదట మంతెన సత్యనారాయణరాజు గారు. విజయవాడ దగ్గర కృష్ణ కరకట్ట మీద ఆరోగ్యాలయం, టీవీలో పొద్దున్నే ఉపదేశం. ఉప్పొద్దు, నూనొద్దు, పంచదారొద్దు, నీళ్ళు మాత్రం లీటర్ల కొద్దీ తాగండి అన్నారు. ఉప్పు తగ్గించమన్నంత వరకు ఆయన మాటకు వంక పెట్టడానికి లేదు. రోజుకు 5 గ్రాముల లోపే వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతుంది. మనవాళ్ళు ఆ మాట శిరసావహించి కూరలో ఉప్పు మానేశారు. కూర చప్పగా ఉందని పక్కన నాలుగు ఆవకాయ ముక్కలు వేసుకున్నారు.

ఆ చప్పిడి కూరలకు నాలుక చచ్చిపోయి ఉండగా 2017, 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారొచ్చారు. నూనె మానేసిన ఊళ్ళకే వచ్చి నూనె తాగమన్నారు. రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నాలుగు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ళు, రెండు మల్టీవిటమిన్ బిళ్ళలు. అన్నం బంద్, రొట్టె బంద్, పండు బంద్. తాతల నాటినుంచి తలకు తప్ప నోటికి కొబ్బరినూనె ఎరగని కృష్ణా జిల్లా, ముక్కు మూసుకుని దాన్ని గ్లాసుల్లో పోసుకుంది. కొబ్బరినూనెతో పుట్టి పెరిగిన కేరళవాళ్ళు కూడా దాన్ని కూరలో వేసుకుంటారు గాని గ్లాసులో పోసుకోరు. వంద గ్రాముల నూనె అంటే 900 కేలరీలు. సభలకు జనం విరగబడ్డారు, టీవీల్లో డాక్టర్లు మొత్తుకున్నారు. ఇన్సులిన్ వేసుకునేవాడు డాక్టరును అడగకుండా ఉన్నపళంగా పిండిపదార్థం ఆపేస్తే షుగరు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఆ మాట వినడానికి ఎవరికి ఓపికుంది? పక్కింటి బాబాయి ప్యాంటు వదులైంది. అంతకన్నా రుజువేం కావాలి?

మూడో వారు ఖాదర్ వలీ గారు. పుట్టింది ప్రొద్దుటూరు, స్థిరపడింది మైసూరు. కొర్రలు, అండుకొర్రలు, అరికెలు, ఊదలు, సామలు తినమన్నారు. 2023లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఏడాదే ఐక్యరాజ్యసమితి వాళ్ళ చిరుధాన్యాల సంవత్సరం కూడా. మెట్టపొలాల్లో మన ముత్తాతలు పండించుకుని తిన్న గింజలివి. నాలుగు డబ్బులొచ్చాక పేదోళ్ళ తిండని గడప దాటించాం. ఇప్పుడవే జిప్ కవర్లలో కూర్చుని, సన్నబియ్యాన్ని మించిన ధరతో తిరిగొచ్చాయి. పీచు ఎక్కువ, షుగరున్నవాళ్ళకు మేలు, కాదనను. కానీ వంద గ్రాముల కొర్రల్లో ఉన్న కేలరీలకూ వంద గ్రాముల బియ్యంలో ఉన్నవాటికీ పెద్ద తేడా లేదు. ఇది ఎవరూ చెప్పరు. చెప్పకపోబట్టే కొర్రల బిర్యానీ, సామల చక్కెరపొంగలి, ఊదల దద్దోజనం పుట్టుకొచ్చాయి. చిరుధాన్యం కాబట్టి రెండోసారి వడ్డించుకోవచ్చన్నది మన సొంత పరిశోధన.

ఒకరు నూనె వద్దన్నారు, ఒకరు నూనే తాగమన్నారు, ఒకరు గింజ మార్చమన్నారు. ముగ్గురి మాటలూ ఒక గదిలో ఇమడవు. అయినా ముగ్గురి దగ్గరా జనం బరువు తగ్గారు! కారణం కనుక్కోవడానికి పెద్ద చదువేం అక్కర్లేదు. ముగ్గురి దగ్గరా మైదా ఆగింది, పంచదార ఆగింది, సాయంత్రం పునుగులు, బజ్జీలు ఆగాయి, రాత్రి పదకొండింటికి పార్సిల్ బిర్యానీ ఆగింది. ఆగినన్నాళ్ళు తగ్గారు. మళ్ళీ మొదలెట్టిన రోజు నుంచి పెరిగారు. పునుగు మానినందుకు దక్కాల్సిన పేరు గురువుకు పోయింది.

ఈ ముగ్గురి తీర్థాలూ తిరిగిన ఖర్చు మాత్రం వంటగది మీద పడింది. ఒక మధ్యతరగతి ఇల్లు చూడండి. మామగారికి ఉప్పులేని కూర. అత్తగారికి కొర్రన్నం, అదీ ముందు రోజు నానబెట్టింది. ఆయనకు కొబ్బరినూనెలో మూడు గుడ్లు. జిమ్ముకెళ్ళే కొడుక్కి ఉడకేసిన కోడిముక్క, ఉప్పూకారం తగలకుండా. ఇంజినీరింగ్ చదివే అమ్మాయికి ఓట్స్, అదీ ఫోన్‌లో చూపించిన రంగులోనే రావాలి. ఒక పొయ్యి మీద ఐదు మతాలు. ఇన్ని చేసిన ఇల్లాలు ఏం తింటుంది? ఐదుగురూ సగం సగం వదిలేసినవి, పారేయడానికి చేతులు రాక, అన్నీ కలుపుకుని, మూడింటికి, నిలబడి. సాయంత్రం వరసకు ఆడపడుచు వచ్చి, "వదినా, ఇంట్లో అంతా డైటు చేస్తుంటే నువ్వొక్కదానివే ఇలా ఉన్నావేంటి?" అని నొచ్చుకుంటుంది.

ఆవిడ ఒక్కతే కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి ముప్పై ఆరుగురు ఉండాల్సిన బరువు మించి ఉన్నారు. అదే సర్వే, అదే వయసువాళ్ళలో నూటికి దాదాపు యాభై తొమ్మిది మందికి రక్తహీనత అంది. ఈ రెండు లెక్కలూ చాలా ఇళ్ళల్లో ఒకే మనిషి మీద పడుతున్నాయి. పైకి కండ, లోపల రక్తం నిల్లు. ఈవిడకు షేక్ అమ్మడానికి వచ్చినవాళ్ళు ఉన్నారు గాని, ఒక ఐరన్ బిళ్ళ వేసుకున్నావా అమ్మా అని అడిగినవాళ్ళు ఇంట్లో ఒక్కరూ లేరు.

ఇక మగవాళ్ళ త్యాగాల దగ్గరికొద్దాం.

"రాత్రిపూట అన్నం మానేశానండీ!"

ఈ మాట చెప్పేటప్పుడు మన పెద్దమనిషి ముఖంలో వెలుగు చూడాలి. రాజ్యం వదిలినవాడికి కూడా అంత ఉండదు.

"మరేం తింటున్నారు?"

"చపాతీలే. ఒక నాలుగు."

నాలుగు చపాతీలు, వాటి మీద నూనె, పక్కన బంగాళదుంప కుర్మా, అడుగున మిగిలింది అద్దుకోవడానికి ఇంకో అర చపాతీ. వంద గ్రాముల గోధుమపిండిలోనూ వంద గ్రాముల బియ్యంలోనూ కేలరీలు మూడు వందల నలభై, యాభై మధ్యే ఉంటాయి. ఊరు మారింది గాని బస్సు చార్జీ అదే. శనివారం ఒంటిపూట వాళ్ళదింకో రకం త్యాగం. రాత్రికి అన్నం మెతుకు ముట్టరు. ఉప్మా పెసరట్టు మాత్రం పుచ్చుకుంటారు, అల్లప్పచ్చడితో, మీద నెయ్యితో. దేవుడి ఖాతాలో ఒక పూట తగ్గింది, ఒంటి ఖాతాలో ఒక పూట పెరిగింది. చపాతీలు వేళ్ళ మీద లెక్కపెట్టే ఈ పెద్దమనుషులే పెగ్గులు లెక్కపెట్టరు. గ్రాము ఆల్కహాలులో ఏడు కేలరీలుంటాయి, నంజుకునే జీడిపప్పు పకోడీ సంగతి వేరే.

మామిడి కాలం వస్తే సరే సరి. నూజివీడు నుంచి విస్సన్నపేట మీదుగా తిరువూరు దాకా తోటల్లో కాయ దిగుతుంటే ఎంత నిష్ఠాపరుడికైనా డైటు వాయిదా పడుతుంది. పండు తప్పు కాదు. బుట్ట తప్పు. రోజుకు వంద గ్రాముల పండు తినమంటే మన పెద్ద రసం ఒక్కటే అంతకు మించి తూగుతుంది. ఇంట్లో ముగ్గబెట్టిన కాయ పాడైపోతుందన్న దిగులుతో పూటకు మూడు చొప్పున పీల్చి, "జూన్ నుంచి మొదలెడతాను బాబాయ్" అంటాడు. జూన్‌లో పెళ్ళిళ్ళు, శ్రావణంలో నోములు, కార్తికంలో అదే మామిడితోటల్లో వనభోజనాలు, సంక్రాంతికి అరిసెలు. మన పంచాంగంలో బరువు తగ్గడానికి ముహూర్తం లేదు.

నడక సంగతి చెప్పకపోతే వాకర్లు నొచ్చుకుంటారు. తెల్లారుజామున జాతీయ రహదారి పక్కన జగదల్‌పూర్ లారీల పొగ పీలుస్తూ, చేతులు ఊపుకుంటూ బయల్దేరే మగవాళ్ళ దండు ప్రతి ఊళ్ళోనూ ఉంటుంది. మొదటి కిలోమీటరు రాష్ట్ర రాజకీయం, రెండో కిలోమీటరు భూముల ధరలు. మూడో కిలోమీటరు రాదు, మధ్యలో టిఫిన్ బండి వస్తుంది. "నడిచాంగా, ఒక ప్లేటు మైసూర్ బజ్జీ చెప్పు" అంటారు. అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది నూట ఇరవై నుంచి నూట యాభై కేలరీలు. ఒక పెద్ద చెంచా నూనెలో ఉన్నది కూడా అంతే. బజ్జీ ఎన్ని చెంచాలు పీల్చిందో బండివాడికి కూడా తెలియదు. అందుకని నడక దండగని కాదు. నడక గుండెకు, షుగరుకు, బీపీకి, నిద్రకు. బజ్జీకి టిక్కెట్టు కాదు. వారానికి కనీసం 150 నిమిషాలు చురుకైన నడకలాంటిది, దాంతోపాటు రెండు రోజులు కండకు పని చెప్పే కసరత్తు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. కండకు పని అంటే డంబెల్సే అక్కర్లేదు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోండి చూద్దాం. యాభై దాటిన వాకింగ్ వీరుల్లో ఎందరు ఏడు దగ్గర ఆగిపోతారో తెలుస్తుంది.

ఆడవాళ్ళు ఎందుకు నడవరు అని ఆశ్చర్యపోయే ఉపన్యాసకులు ఒక్కసారి ఆ వేళకు వీధి దాకా వచ్చి చూడాలి. దీపం వెలగదు. కుక్కలు గుంపుగా వస్తాయి. మెడలో గొలుసు తీసి ఇంట్లో పెట్టి రావాలి. కాలిబాట మీద కొట్టు ఉంటుంది, కొట్టు ముందు బైకులుంటాయి, మిగిలింది లారీ దారి. ఇన్ని దాటి తిరిగొచ్చేసరికి పాలు పొంగిపోయి ఉంటాయి. పట్టణాన్ని పాలించేవాళ్ళు రెండు వీధి దీపాలు వెలిగించి, ఆ కాలిబాట ఖాళీ చేయిస్తే అంతకు మించిన ఫ్యాట్ కట్టర్ మార్కెట్లో లేదు. కానీ దీపం ముందు నిలబడి 'ముందు – తర్వాత' ఫొటో దిగితే ఎవరికి లైకులొస్తాయి?

ఆ నడిచే దండు పక్కనుంచే మిరపకోతకు ఆడకూలీల ట్రాక్టరు వెళుతుంది. రోజంతా వంగడం, లేవడం, మోయడం. జిమ్ములో అదే పని డబ్బు తీసుకుని చేయిస్తారు, చేలో కూలిచ్చి చేయిస్తారు. "కష్టజీవులండీ, వీళ్ళకు షుగర్లు, బీపీలు రావు" అని మన వాకరు వేదాంతం చెబుతాడు. వస్తాయి. పరీక్ష చేయించుకోరు కాబట్టి తెలియదు, అంతే.

సన్నగా ఉన్నవాళ్ళు కూడా మరీ మురిసిపోనక్కర్లేదు. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇద్దరు డాక్టర్లు పక్కపక్కన నిలబడి ఫొటో దిగారు. పూణె డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టరు జాన్ యుడ్కిన్. ఎత్తుకూ బరువుకూ కట్టే బీఎంఐ లెక్కలో ఇద్దరిదీ ఒకటే అంకె, 22.3. ఒంట్లో కొవ్వు చూస్తే లండనాయనకు 9.1 శాతం, పూణె ఆయనకు 21.2 శాతం. చొక్కా లోపల ఏముందో కాటాకు తెలియదన్నమాట. మన జాతికి కాళ్ళూ చేతులూ పుల్లల్లా ఉండి పొట్ట ఒక్కటే ముందుకొస్తుంది. ఆ పొట్టలోనే షుగరు, గుండెజబ్బు కాపురముంటాయి. అందుకే మన దేశపు నిపుణులు 2009లో నడుము కొలతకు గీత గీశారు: మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80. టేపు ఖరీదు పది ఇరవై రూపాయలు. అందుకే దాన్ని ఏ కోచూ చేత్తో పట్టుకోడు.

ఇంతకీ సరైన మాట చెప్పేవాళ్ళే లేరా అంటే ఉన్నారు, అదీ హైదరాబాద్‌లోనే, తార్నాకలో. జాతీయ పోషకాహార సంస్థ. దాని పుట్టుక కథ వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. తెల్లగా మరపట్టిన బియ్యం తిని జనం బెరిబెరితో పడిపోతుంటే, ఆ జబ్బు సంగతి తేల్చడానికి 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే డాక్టరు దీన్ని ఒక చిన్న గదిలో మొదలుపెట్టాడు. 1958లో హైదరాబాద్‌కు మారింది. తెల్లబియ్యం మీద అనుమానంతో పుట్టిన సంస్థ అరవై ఏళ్ళకు పైగా మన నడిబొడ్డున ఉంది. మనం మాత్రం ఇప్పటికీ బియ్యం మల్లెపూవులా లేకపోతే కొట్టువాణ్ణి తిడతాం.

2024 మేలో ఆ సంస్థ భారతీయులకు ఆహార సూత్రాలు పదిహేడు విడుదల చేసింది. రెండు వేల కేలరీల మనిషికి రోజు మొత్తం మీద బియ్యం, గోధుమ, జొన్న అన్నీ కలిపి 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలూ ఆకుకూరలూ 400, పాలు 300 మిల్లీలీటర్లు, నూనె 27 గ్రాములు. కంచంలో సగం కూరగాయలూ పండ్లే ఉండాలని దాని సారాంశం. మన కంచంలో సగం అన్నం, మిగతా సగంలోకి జారిన అన్నం, మూలన రెండు చెంచాల వేపుడు. బరువు తగ్గడమంటారా, వారానికి అరకిలో చాలు, అంతకు మించి తొందరపడొద్దంది. రోజుకు వెయ్యి కేలరీలకు తగ్గిన డైట్లు పెట్టుకోవద్దంది. ప్రొటీన్ పొడులతో కండలు పెంచే పని మానుకోమంది. ఆ పుస్తకం ఉచితం. కమిషన్ లేదు, గొలుసు లేదు, హోటల్ హాల్లో సన్మానం లేదు. అందుకే వ్యాపారం పడలేదు. గోంగూర, తోటకూర, బీరకాయ, పెసలు, ఉలవలు, గుడ్డు, పల్చటి మజ్జిగ తింటూ వారానికి అరకిలో తగ్గినవాడి ఫొటో ఏ గోడ మీదా పెట్టరు. ఆర్నెల్లు పడుతుంది కదా, అప్పటికి గది అద్దె ఎవరు కడతారు?

నవ్వులాట వదిలి ఒక మాట. తిరువూరు నియోజకవర్గంలోనే ఎ.కొండూరు మండలం ఉంది. అక్కడి తండాల్లో మూత్రపిండాలు పాడై మనుషులు పోతున్నారని ఏళ్ళుగా పేపర్లలో చదువుతున్నాం. నీళ్ళ శాంపిళ్ళు తీసుకెళ్ళారు, నాయకులు వచ్చి చూసి వెళ్ళారు, డయాలసిస్ చుట్టూ తిరిగే కుటుంబాలు తిరుగుతూనే ఉన్నాయి. అలాంటి నేల మీద, ఒక్క క్రియాటినిన్ పరీక్ష అడగకుండా, వచ్చినవాడికల్లా డబ్బా ప్రొటీన్ పొడి, పేరు తెలియని 'డీటాక్స్' చూర్ణం, కీళ్ళ నొప్పికి ఇంకో బిళ్ళ అంటగట్టడాన్ని ఏమనాలి? మూత్రపిండం దెబ్బతిన్నవాడికి ఎక్కువ ప్రొటీన్ చేటు. ఇది డాక్టర్లు దాచుకున్న రహస్యం కాదు. బైకు అప్పు ఇవ్వడానికి కూడా ఆధార్ కార్డు, రెండు చెక్కులు అడిగే కంపెనీలో పనిచేసిన తమ్ముడు, కిడ్నీ విషయంలో మాత్రం ఏ కాగితమూ అడగడు.

ఈలోగా కొత్త దేవుడు దిగాడు, సూదిలో. మౌంజారో 2025 మార్చిలో మన దేశానికొచ్చింది, వెగోవీ జూన్‌లో. ఇవి పొడి డబ్బాలు కావు, నిజమైన మందులు, ఆకలి తగ్గించి బరువు బాగానే దించుతాయి. డాక్టరు చూసి రాయాల్సినవాళ్ళకు రాస్తే మేలే. వచ్చిన కొత్తలో మౌంజారో చిన్న మోతాదు సీసా ధర మూడున్నర వేలు, వారానికొకటి. వెగోవీ రకం మందు మీద జరిగిన అధ్యయనంలో, ఆపేసిన ఏడాదికి తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగొచ్చిందని 2022లోనే తేలింది. మన బావగారు అప్పుడే మందులషాపు ముందు నిలబడి, "ఆ సూది ఒకటి పారెయ్, వచ్చే వారం మా అమ్మాయి పెళ్ళి" అంటున్నాడు. పెళ్ళిలో సూటు పడితే చాలు. భోజనాల బంతిలో కూర్చున్నాక బటన్లు ఎటు పోయినా అడిగేవాడు లేడు.

కాబట్టి అయ్యా, అమ్మా, డబ్బు చేతిలో పట్టుకుని బయల్దేరే ముందు టైలరు దగ్గర టేపు అడిగి, ఊపిరి బిగబట్టకుండా నడుము కొలుచుకోండి. గీత దాటి ఉంటే అన్నం హస్తం ఒకటి తగ్గించి కూర రెండు గరిటెలు పెంచండి, ఇంట్లో అందరికీ ఒకటే వంట వండించండి, వండిన మనిషిని కూడా అదే వేళకు కూర్చుని తిననివ్వండి. ముప్పై దాటిన ప్రతివాళ్ళకూ ప్రభుత్వాసుపత్రిలో, పీహెచ్‌సీలో బీపీ, షుగరు పరీక్ష ఉచితం. పొడి డబ్బా మూత ఇంకా తీయకపోతే, ముందు అక్కడికి వెళ్ళండి.